చుక్క పెట్టిన గాలం

గడియారాల కొట్టుకొచ్చి టైమెంతని అడిగేవాళ్ళంటే ముల్లత్తకి ఒళ్ళుమంట. "ఇక్కడ అరవై గడియారాలున్నాయి, అరవై టైములు చెప్తాయి. నీకు నచ్చింది ఏరుకో" అనేది తలెత్తకుండా. అడిగినవాడు తెల్లమొహం వేసేవాడు. తెలివైనవాడైతే పక్క కొట్టులో సంచులు కుట్టే ఆయన్ని అడిగి వెళ్ళిపోయేవాడు.

ఆ కొట్టు ఒక మూడంతస్తుల మేడకి మెట్ల కింద ఉండేది. లోపలికి రావాలంటే నడుం వంచాలి. వంచనివాళ్ళ నుదుళ్ళు పగిలిపోకుండా పైమెట్టు అంచుకి ముల్లత్త ఒక పాత దిండు కట్టింది. లోపల ఒక బల్ల, ఒక దీపం, కంటికి బిగించుకునే భూతద్దం, గోడల నిండా లోలకాలు. పైన ఎవరైనా బరువైనవాళ్ళు మెట్లు దిగితే లోలకాలన్నీ ఒక్కసారి తడబడి, మళ్ళీ దేని నడక అది అందుకునేవి. ఆమెకి ఆ పేరు గడియారాల ముళ్ళవల్ల వచ్చిందో, నోటివల్ల వచ్చిందో వీధిలో ఎవరూ తేల్చలేదు. ఆవిణ్ణే అడిగి తేల్చుకునే ధైర్యం ఎవరికీ లేదు.

ఆవిడ తిడితే ఆగిపోయిన గడియారం నడుస్తుందని మాత్రం అందరికీ గట్టి నమ్మకం. సంచులాయన కళ్ళారా చూశానంటాడు. ఎవరో పాత గోడగడియారం తెచ్చి బల్లమీద పెట్టారట. ముల్లత్త మూతైనా విప్పకుండా దాని మొహంలోకి చూసి, "సిగ్గులేదూ?" అందట. అది గబగబా పన్నెండు కొట్టిందట. అప్పుడు సాయంత్రం నాలుగున్నర. "భయంలో లెక్క తప్పింది, పాపం" అని సంచులాయన గడియారం తరఫున సంజాయిషీ ఇచ్చేవాడు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. గడియారం బాగుచేశాక, వెనక మూతకి లోపలివైపు, సూది మొనతో తన గుర్తు గీకి పక్కన సంవత్సరం వెయ్యాలి. కొనుక్కున్నవాడికి అది జన్మలో కనిపించదు. మళ్ళీ ఎప్పుడో, ఎక్కడో, ఆ మూత విప్పే మరో పనివాడికే కనిపిస్తుంది. ముందువాళ్ళ గుర్తు చెరపకూడదు. దాని కిందే నీది. ఆ రకంగా ఒక పాత గడియారం మూత తీస్తే, అది ఎవరెవరి చేతుల్లో పడి లేచిందో వరసగా చదువుకోవచ్చు.

ముల్లత్త గుర్తు చిన్న ముక్కోణం. అమ్మది మెట్టు ఆకారం. అమ్మమ్మది అడ్డంగా కొట్టేసినట్టుండే రెండు గీతలు. కొట్టు పెట్టిన తాతయ్యది చేపలు పట్టే గాలం. మొదట్లో ఒట్టి గాలమే. తరవాత దానికి కొసన ఒక చుక్క వచ్చి చేరింది. అది ఎందుకొచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. "ఆ చుక్క నేనే" అనేది అమ్మ. కూతురు పుట్టిన ఏడాదినుంచీ ఆయన చుక్క లేని గాలం గీయలేదు.

ఆ కూతురికి పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లో ఆయన మంచి స్ప్రింగులు కొనుక్కొస్తానని ఒక చిన్న సంచీలో నాలుగు పనిముట్లు వేసుకుని పై ఊరికి బయల్దేరాడు. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తానన్నాడు. రాలేదు.

మనిషి కనబడకపోతే వీధి ఊరుకుంటుందా? ఒకరు ఓడెక్కుతుంటే చూశామన్నారు. ఒకరు నాటకాలవాళ్ళతో కలిశాడన్నారు. ఇంకొకరు మరో ఊళ్ళో మరో ఇల్లూ, ఇద్దరు మగపిల్లలూ ఉన్నారని, వాళ్ళ జుట్టు రంగుతో సహా చెప్పారు. అమ్మమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆయన వదిలి వెళ్ళిన గడియారాలు విప్పి, విప్పినవి బిగించడం రాక ఏడ్చి, ఏడుస్తూనే పని నేర్చుకుంది. గుర్తు పెట్టుకునే రోజు వచ్చినప్పుడు, "పోయినవాడి గుర్తు నాకెందుకు?" అని ఆ రెండు గీతలూ కసిగా గీకింది. పనిముట్ల పలక జోలికి మాత్రం పోలేదు. గోడకి బిగించిన ఆ చెక్క పలకమీద, ఒక్కో పనిముట్టు వెనక దాని ఆకారం నీలం రంగుతో గీసి ఉంటుంది, ఏది ఎక్కడ తగిలించాలో తెలియడానికి. తాతయ్య తీసుకెళ్ళిన నాలుగింటి చోటూ అలా ఖాళీగానే మిగిలింది. ఒట్టి నీలం నీడలు.

అమ్మ పెరిగి, పని నేర్చి, పెళ్ళాడి, ముల్లత్తని కని, ఆ బల్లదగ్గరే ముసలిదైంది. తండ్రి గురించి ఒక్కమాట అనేది కాదు. ఎనభై దగ్గర పడ్డాక కంటికి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పిన మర్నాడు కొట్టుకొచ్చి, చుట్టూ చూసి, పలక ముందు ఆగిపోయింది.

"ఏమే, ఆ ఖాళీ ఇంత పెద్దదా?" అంది.

"ఎప్పుడూ అంతేనమ్మా. నీ కళ్ళే ఇప్పుడు సరిగ్గా పనిచేస్తున్నాయి."

"మసగ్గా ఉన్నప్పుడే బాగుంది." అమ్మ ఒక నీలం నీడమీద వేలు పెట్టి చూసింది. తరవాత కూతురి వైపు తిరిగింది. "చచ్చిపోయాడా, వదిలేసి పోయాడా? రెండిట్లో ఒకటి తేల్చు. ఆయన కోసం ఏడవాలో, ఆయన్ని తిట్టుకోవాలో తెలీకుండా పోవడం నావల్ల కాదు."

ముల్లత్తకి ఎవరికైనా ఎదురు చెప్పడం సరదా. ఆ రోజు చెప్పలేదు.

*

పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసిపెట్టిన పాత పుస్తకాలు ఊరి కచేరీ నేలమాళిగలో ఉండేవి. వాటిని చూసుకునే రికార్డులాయన ఆ గదిలో ఎంతకాలంనుంచి ఉన్నాడంటే, కాగితాలు తినే పురుగులు ఆయన్ని కూడా రుచి చూసి వదిలేశాయని పై అంతస్తువాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

"కూర్చో చెల్లెమ్మా, తొందరేముంది? ఇందులో ఉన్నవాళ్ళకెవరికీ తొందర లేదు" అన్నాడు మొదటిరోజే, కుర్చీ తుడుస్తూ.

"నాకుంది అన్నయ్యా. కొట్లో మా అమ్మని చూసే ఉంటావుగా?"

"చూశాను. అయితే త్వరగానే వెతుకుదాం."

ముల్లత్త మధ్యాహ్నాలు కొట్టుకి సగం రెక్క వేసి అక్కడికి వెళ్ళేది. మొదట అమ్మ పుట్టుక దొరికింది. 'ఆడపిల్ల, తూకం తక్కువ' అని ఉంది. ఇంటికెళ్ళి చెబితే అమ్మ, "ఎవడు రాసింది? వాణ్ణి రమ్మను, ఇప్పుడు తూచుకోమను" అంది. తరవాత తాతయ్య పెళ్ళి, అంతకుముందు ఆయన పుట్టుక, దాన్ని పట్టుకుని వెనక్కి పోతే ఆయన తండ్రి. ఆయన రేవులో పడవ నడిపేవాడు. గాలం గుర్తు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆయన తండ్రి వీధిదీపాలు వెలిగించేవాడు. ఆ దీపాలాయన తల్లి వేలిముద్ర ఒకచోట ఉంది. ఎప్పుడో పోయిన ఆ మనిషి బొటనవేలి గీతలు నల్లసిరాలో ఇంకా తడిగా ఉన్నట్టే ఉన్నాయి. ముల్లత్త భూతద్దం కంటికి బిగించి చూసింది. వేలికి అడ్డంగా ఒక చిన్న తెగిన గాటు. ఏ కూరగాయో కోస్తూ తెగి ఉంటుంది. ఆ వేలు లేకపోతే తాను లేదు. ఆలోచన అక్కడికి వచ్చేసరికి ఆవిడ భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"ఏమైంది?" అన్నాడు రికార్డులాయన.

"ఏం లేదు. ఎంతమంది అన్నయ్యా! నేను మెట్ల కింద ఒక్కదాన్నే కూర్చున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ."

కానీ తాతయ్య దగ్గర కథ ఆగిపోయింది. ఆయన పుట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, కూతురి పుట్టుక దగ్గర సంతకం చేశాడు, ఆ తరవాత కాగితాల్లోంచి లేచి వెళ్ళిపోయాడు. చావుల పుస్తకాల్లో లేడు. ఓడల జాబితాల్లో లేడు. జైలు రికార్డులు కూడా తెప్పించారు. "మీ తాత అక్కడా లేడు, ఇంకేం మనిషమ్మా" అని రికార్డులాయన నిట్టూర్చాడు. చుట్టుపక్కల ఊళ్ళకి రాస్తే, అన్నిచోట్లనుంచీ ఆ పేరుగలవారెవరూ లేరనే జవాబు వచ్చింది.

ఆ నెలలోనే కొట్టుకి ఒక నర్సమ్మ వచ్చింది. వేరే ఊరినుంచి కొత్తగా బదిలీ అయి వచ్చింది. వాళ్ళ నాన్నదట, గొలుసు గడియారం, ఆగిపోయింది. దిండుకి తల కొట్టుకుని, "ఈ దిండు బాగుందండీ" అని మెచ్చుకుని, గడియారం ఇచ్చి వెళ్ళిపోయింది.

ముల్లత్త వెనక మూత తీసి, అలవాటుగా లోపలివైపు దీపానికి ఎదురుగా పట్టింది. భూతద్దంలో ఒక గాలం కనిపించింది. కొసన చుక్క. పక్కన సంవత్సరం.

అరవై గడియారాల చప్పుడూ ఆవిడ చెవుల్లోంచి పోయింది. మూత మూసి మళ్ళీ తెరిచింది. గాలం అక్కడే ఉంది. సూది కొంచెం లోతుగా దిగింది. తాతయ్య పాత గుర్తులు ఇంతకంటే తేలిగ్గా ఉంటాయి. వయసు మీదపడి చెయ్యి బరువెక్కిందేమో అనుకుంది. అమ్మ చేతికి ఇచ్చింది. కొత్త కళ్ళతో అమ్మ చాలాసేపు చూసింది.

"ఆ ఏడేమిటో తెలుసా?" అంది చివరికి. "నా పెళ్ళేడు."

ముల్లత్త దీపాన్ని దగ్గరికి జరిపింది.

"నా పెళ్ళినాటికి బతికే ఉన్నాడన్నమాట. కూర్చుని హాయిగా గడియారాలు బాగుచేసుకుంటున్నాడన్నమాట." అమ్మ గొంతు పైకి లేవలేదు, ముల్లత్తకి భయమేసింది అందుకే. "చుక్క పెట్టడం మర్చిపోలేదు చూడు. చుక్కని చూడ్డానికి రావడం ఒక్కటే మర్చిపోయాడు."

కాగితాలమీద రాసినదాన్ని ఆ ఇంట్లో ఎవరూ పూర్తిగా నమ్మేవాళ్ళు కాదు. మూత లోపలి గుర్తుని మాత్రం మారుమాట లేకుండా నమ్మేవాళ్ళు. ఒకరి గుర్తు మరొకరు పెట్టడమనేది ఆ కొట్లో ఊహకి కూడా అందని సంగతి. మూడు తరాలుగా బయటివాళ్ళకి ఎవరికీ పని నేర్పలేదు. ఎవరి గుర్తు వాళ్ళదే. కాబట్టి ఇక తేలిపోయినట్టే.

మర్నాడు ముల్లత్త వచ్చేసరికి పలక బోసిగా ఉంది. అమ్మ పనిముట్లన్నీ దించి పాత దుప్పట్లో మూటకట్టింది. గోడనిండా నీలం నీడలే మిగిలాయి.

"ఇది సంచులాయనకిచ్చెయ్. ఇనుము కింద అమ్ముకుంటాడు."

"అమ్మా, ఒక్కసారి ఆ ఊరు వెళ్ళొస్తాను."

"ఎందుకు? ఆ ఇద్దరు మగపిల్లల జుట్టు ఏ రంగో చూడ్డానికా?"

ముల్లత్త మూటని బల్లకిందకి తోసి, నర్సమ్మని ఊరి పేరడిగి, రైలెక్కింది.

*

అది మధ్యరకం ఊరు. స్టేషను ఎదురుగా లాడ్జి ఉంది. లాడ్జి కౌంటరు వెనక గోడగడియారం ఉంది. ముల్లత్త సంతకం చేస్తూ చేస్తూ ఆగి, "మీ గడియారం కొంచెం వెనకబడి నడుస్తోంది. చూడనిస్తారా?" అంది.

"బాగానే ఉందే?" అన్నాడు మేనేజరు.

"బాగున్నట్టు నటిస్తోంది."

ఆ మాట అన్న తీరుకి మేనేజరే కుర్చీ ఎక్కి గడియారం దించి ఇచ్చాడు. ముల్లత్త వెనక మూత తీసింది. గాలం, చుక్క. దాని కింద గాలం, చుక్క. ఇంకో రెండు. ఆఖరిది మూడేళ్ళ కిందటిది.

ఆవిడ సంవత్సరం మళ్ళీ చదివింది. తన లెక్కలో తప్పుందేమోనని వేళ్ళమీద కూడింది. అప్పటికి తాతయ్యకి నూరు దాటి చాలా ఏళ్ళయి ఉండాలి.

"ఏమ్మా, జబ్బు పెద్దదా?" అన్నాడు మేనేజరు.

"గడియారానికి కాదు" అంది ముల్లత్త. పెట్టె గదిలో పెట్టకుండానే బయటికి నడిచింది.

వీధి చివర రొట్టెల దుకాణంలో గుండ్రటి గడియారం. "వెనకబడిందండీ, చూడనివ్వండి." గాలం, చుక్క. బట్టలు కుట్టే ఆయన బల్లమీద అలారం గడియారం. గాలం, చుక్క. బడిలో గంట కొట్టే ఆయన మణికట్టు గడియారం కోసం ఆయన్ని పట్టుకుని ఇంచుమించు కుస్తీ పట్టింది. గాలం, చుక్క, పోయిన ఏడాది. బంగారం పని చేసే ఆయన దగ్గర ఇంకో పాతది, తాను పుట్టకముందుది. గాలం, చుక్క. సాయంత్రమయ్యేసరికి ఆ వీధిలో, ఊళ్ళోకి ఎవరో పెద్దావిడ దిగిందని, గడియారం కనిపిస్తే చాలు బట్టలు విప్పినట్టు మూతలు విప్పేస్తోందని గుప్పుమంది. ముల్లత్తకి ఆ మాటలేవీ వినపడలేదు. అటూ ఇటూ ఇళ్ళు. ఇళ్ళ లోపల గోడలమీద, బల్లలమీద, జేబుల్లో, చేతులకి, ఎవరూ చూడని చీకట్లో, వందల గాలాలు. వందల చుక్కలు. ఒక ఊరు ఊరంతా నిద్ర లేస్తోంది, అన్నం తింటోంది, బడికి పోతోంది, పెళ్ళి చేసుకుంటోంది. ఏ పని చేసినా అమ్మ చుక్కని వెనక పెట్టుకునే చేస్తోంది. ఆ సంగతి వాళ్ళకి తెలియదు. ముల్లత్త వీధి మధ్యలో నిలబడిపోయింది. సైకిలువాడు బెల్లు కొట్టి, తప్పుకుని, వెనక్కి చూస్తూ పోయాడు.

తిరిగి రొట్టెల దుకాణానికి వెళ్ళి అడిగింది. "ఈ ఊళ్ళో గడియారాలెవరు చూస్తారు?"

"పెద్దాయన. పాత ఆస్పత్రి వెనక. ఇంకెవరున్నారు?"

"బాగా... పెద్దాయనా?"

"అబ్బో, చాలా పెద్దాయన" అన్నాడు రొట్టెలాయన, పిండి చేతులు దులుపుకుంటూ.

ఎవరికీ భయపడని మనిషి ఆ ఆస్పత్రి గోడ పక్కన రెండుసార్లు వెనక్కి తిరిగి, మళ్ళీ నడిచింది. నూట పదిహేనేళ్ళ మనిషి ఎలా ఉంటాడో ఊహించుకోబోయి మానుకుంది. తలుపు కొట్టింది. లోపల్నుంచి చెప్పుల చప్పుడు. నుదుటిమీదకి భూతద్దం తోసుకుని, డెబ్బై ఏళ్ళ బట్టతల మనిషి బయటికొచ్చాడు.

"నువ్వు మా తాతవి కాదు" అనేసింది ముల్లత్త.

"కాదమ్మా" అన్నాడాయన కంగారుగా. "నాకసలు పిల్లల్లేరు."

"మరి గాలం ఎవరిది?"

పెద్దాయన మొహంలో కంగారు పోయింది. ఆయన ముల్లత్తని పైనుంచి కిందకి చూశాడు, ఆవిడ కుడిచేతి చూపుడువేలికి సూది పట్టిన కాయ చూశాడు, తలుపు పూర్తిగా తెరిచాడు.

"అది నాది కాదు. మా గురువుది కూడా కాదు. లోపలికి రా తల్లీ. ఇన్నేళ్ళకి అడిగేవాళ్ళొచ్చారు."

ఆయన చెప్పింది పెద్ద కథేం కాదు. ముందున్న పాత ఆస్పత్రి అప్పట్లో జ్వరాల ఆస్పత్రి. రైల్లోంచి స్పృహ లేని మనిషిని దింపి తెచ్చి పడేశారు. తెలివొచ్చాక ఆయన మొదట అడిగింది మంచినీళ్ళు కాదట, "ఆ గడియారం ఎందుకాగింది?" అని. వరండాలో నిలువెత్తు గడియారం ఉండేది. అది ఆగినందువల్ల వార్డులో మందులు అంచనా మీద ఇస్తున్నారు. ఆయన లేచి కూర్చోగలిగిన రోజున సంచీలోంచి పనిముట్లు తీసి దాన్ని నడిపించాడు. పక్కన దీపం పట్టుకున్న వార్డుబాయికి పని నేర్పాడు. ఆ వార్డుబాయే పెద్దాయన గురువు.

"ఆయనకో పద్ధతి ఉందట. శిష్యుడు పని నేర్చినంత మాత్రాన సొంత గుర్తు పెట్టకూడదు. 'నేను నీ గుర్తు పెట్టుకో అనేదాకా నా గుర్తే పెట్టు. తప్పు జరిగితే నా పేరు పోవాలి, నీది కాదు' అన్నాడట. ఆ మాట అనకుండానే జ్వరం తిరగబెట్టి పోయాడు. అందుకని మా గురువు బతికినన్నాళ్ళూ ఆయన గుర్తే పెట్టాడు. తనకి విడుదల లేనివాడు నాకేం విడుదల ఇస్తాడు? నేనూ అదే పెడుతున్నాను."

"ఇంటికి కబురు..."

"ఆ వార్డులోంచి కాగితం ముక్క బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు. తరవాత మా గురువు ఉత్తరం రాయించాడు. ఆయన పేరు తెలీదు. స్పృహ లేకుండా వచ్చినవాడు, తరవాత అందరికీ గడియారాలాయనే అయిపోయాడు, పేరు ఎవరూ అడగలేదు. గడియారాలాయన ఇంటికి అని రాస్తే అంత పెద్ద ఊళ్ళో ఎవరికిస్తారు? తిరిగొచ్చేసింది. కానీ ఆయన మాటలు మాత్రం మా గురువు రోజూ చెప్పేవాడు. ఒక కూతురుందట. స్టూలెక్కి గడియారాలన్నిటికీ కీ ఇచ్చేదట. 'నేను వెళ్ళకపోయినా ఆగవులే, కీపిల్ల ఉంది' అనేవాడట."

మర్నాడు పెద్దాయన ఆస్పత్రివాళ్ళ పాత పుస్తకం చూపించాడు. పేరు దగ్గర 'తెలియదు.' వృత్తి దగ్గర 'గడియారాలు.' కాలం చేసిన తేదీ, ఆయన ఇంట్లోంచి బయల్దేరిన ఏడాదిదే. ముల్లత్త ఎన్ని ఊళ్ళకి ఆయన పేరు రాసి పంపిందో! ఆ పేరు ఆయన వెంట ఇక్కడిదాకా రానేలేదు.

*

ముల్లత్త ఇంటికొచ్చి అమ్మ ఎదురుగా కూర్చుని, "కీపిల్ల అంటే ఎవరు?" అంది.

అమ్మ కీ ఇస్తున్న గడియారం చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ పేరు కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. పిలిచినవాడితోనే పోయిన పేరు అది. ముల్లత్త అంతా చెప్పేదాకా అమ్మ కదల్లేదు. అయ్యాక లేచి, చీర మార్చుకుని, చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, రైలు రేపు పొద్దున."

"అయితే స్టేషన్లో కూర్చుందాం."

"ఇంతసేపా?"

"ఆయన అంతకంటే ఎక్కువసేపే కూర్చున్నాడు."

స్టేషన్లో ఆ మధ్యాహ్నమంతా అమ్మ ఏడ్చింది. ఏడవాలో తిట్టాలో తేలింది కాబట్టి ధారాళంగా ఏడ్చింది. సంచులాయన ఇద్దరికీ టీ తెచ్చిచ్చి, ఏం మాట్లాడాలో తెలీక, "రైలు టైముకే వస్తుందిలేండి" అని పారిపోయాడు.

పాత ఆస్పత్రి వరండాలో నిలువెత్తు గడియారం ఇంకా నడుస్తోంది. పెద్దాయన దాని తలుపు తెరిచి, లోలకం వెనకున్న ఇత్తడి రేకుకి దీపం పట్టుకున్నాడు. అన్నిటికంటే పైన ఒక గాలం, చాలా పల్చగా, గీత ఒకచోట తెగి మళ్ళీ మొదలై. జ్వరంలో ఉన్న చెయ్యి. చుక్క మాత్రం గట్టిగా, గుండ్రంగా దిగింది. దాని కింద ఏడాదికొకటి చొప్పున గాలాలు, ఒకదాని కింద ఒకటి, రేకు అడుగుదాకా. ప్రతి గాలానికీ చుక్క. దీపం కదిలినప్పుడల్లా చుక్కలన్నీ ఒకేసారి మెరిశాయి.

అమ్మ మునివేలితో పైనున్న చుక్కని తాకింది. తరవాత దాని కిందిది. ఆ తరవాతది. ఒక్కటీ వదలకుండా, మెల్లగా వంగుతూ, చివరికి నేలమీద కూర్చుని, అడుగున ఉన్నదాకా. పక్క గదిలో రోగులు కూడా దగ్గడం మానేశారని పెద్దాయన తరవాత అందరికీ చెప్పేవాడు. ఆ సంగతి మాత్రం ఎవరైనా నమ్మవచ్చు.

"నేను పెరగడం ఈయన చూడలేదనుకున్నాను" అంది అమ్మ. "ఏటేటా రాసుకుంటూనే ఉన్నాడే."

పెద్దాయన దీపం కింద పెట్టి, చేతులు కట్టుకుని, చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. "అమ్మా, మా గురువు ఒక మాట చెప్పి పోయాడు. ఆయన ఇంటివాళ్ళెవరైనా వస్తే అడగమన్నాడు. నాకు విడుదల ఇవ్వగలిగింది మీరొక్కరే. ఇస్తే ఇవ్వండి. లేకపోతే నేను పోయేదాకా ఇదే పెడతాను. నాకేం కష్టం లేదు."

ముల్లత్త అమ్మ వైపు చూసింది. వద్దనమని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఈయన మానేస్తే తాతయ్య ఆగిపోతాడు. ఇన్నేళ్ళూ చావకుండా నడిచినవాడు, రేపటినుంచి ఇక చనిపోయినవాడే అవుతాడు.

అమ్మ లేవడానికి పెద్దాయన చెయ్యి ఆసరా చేసుకుంది. లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"తమ్ముడూ, మా నాన్న రెండు మూడు రోజుల్లో వస్తానని చెప్పి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ సెలవన్నది లేకుండా పనిచేశాడు. ఇంక చాలు. ఇంటికి తీసుకుపోతాను." ఆవిడ గొంతు సవరించుకుని, చెప్పాల్సినవాడు చెప్పాల్సిన తీరులో చెప్పింది. "నీ గుర్తు నువ్వు పెట్టుకో."

పెద్దాయన లోపలికి వెళ్ళి నల్లబడ్డ నాలుగు పనిముట్లు గుడ్డలో చుట్టి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ముల్లత్త గుడ్డ విప్పకుండానే వాటి ఆకారాలు గుర్తుపట్టింది. నలభై ఏళ్ళుగా వాటి నీడల ఎదురుగానే కదా కూర్చుంది. మనసులోనే ఒక్కోదాన్నీ పలకమీద తగిలించింది. బల్లకింది మూట ఇల్లు చేరగానే విప్పాలనుకుంది.

పెద్దాయన జేబులోంచి సూది తీసి, గడియారం ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆఖరి గాలం కింద రేకుమీద గోరంత జాగా ఉంది. సూది మొన రేకుకి ఆనించాడు. అక్కడే ఆగిపోయాడు. కాసేపటికి తల తిప్పి, సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఏం పెట్టాలో ఎప్పుడూ ఆలోచించలేదమ్మా."

"చక్రం పెట్టు" అంది ముల్లత్త.

"అది అందరూ పెడతారు తల్లీ."

"అయితే నీ బట్టతల పెట్టు. గుండ్రంగా, సులువుగా ఉంటుంది."

"నోర్ముయ్యవే" అంది అమ్మ. వరండాలో ఉన్న బెంచీమీద కూర్చుని, పనిముట్ల మూట ఒళ్ళో పెట్టుకుంది. "తొందరేం లేదు తమ్ముడూ. ఆలోచించుకో. మేం కూర్చుంటాం."

ఆ సాయంత్రం రైలు వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.